దండెం ముడి

"బావా, ఈ తాళ్ళన్నీ తీసేస్తే నా స్కూటరు అద్దాలతో సహా లోపలికి దూరుతుంది" అన్నాడు బావమరిది, మెట్ల కింద గది గుమ్మానికి టేపు పెట్టి కొలుస్తూ.

గుమస్తా తలెత్తలేదు. తపాలా ఆఫీసులో పగలంతా పార్సిళ్ళకు తాళ్ళు కట్టి వస్తాడు. ఇంటికొచ్చి ఈ గదిలో కూర్చుని సరదాకి మళ్ళీ తాళ్ళే కడతాడు. జనపతాడు, నూలుతాడు, నైలాను తాడు, గోడ నిండా మేకులకు వేలాడుతుంటాయి. కట్టిన ప్రతి ముడినీ ఫోటో తీసి, ఏ కొస ఎటు పోవాలో తన బ్లాగులో వివరంగా రాస్తాడు.

"ఎవరు చదువుతారు బావా నీ ముడులు? జనమంతా ఇందులో ఉన్నారు" అని బావమరిది ఫోను చూపించాడు. అందులో ఎవరో ఎగురుతున్నారు. ఆ ఫోనులో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఎగురుతూనే ఉంటారు.

"చదివేవాళ్ళు చదువుతారు."

"ఒక్కణ్ణి చూపించు. అక్క కాకుండా."

"నన్నెందుకు కలుపుతావురా? నేనెప్పుడు చదివాను?" అంది లోపల్నుంచి గుమస్తా భార్య.

గుమస్తాకి రోషం వచ్చింది. చేతిలో ఉన్న ముడి బిగించి కింద పెట్టాడు.

"ఆదివారం భోజనాల వేళకి ఒక్క మనిషైనా చదివినట్టు తేలకపోతే బ్లాగు మూసేస్తా. గది నీది."

"తేలితే?"

"మళ్ళీ ఈ గది ఊసెత్తకూడదు."

"అక్కా, విన్నావుగా, నువ్వే సాక్షివి" అని బావమరిది ఈల వేసుకుంటూ పై వాటాకి మెట్లెక్కాడు.

ఆ బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన కూతురు సంగతంతా విని, చెప్పులు విప్పకుండానే సలహా చెప్పింది.

"బాగుంటే ఎవరూ నోరు విప్పరు నాన్నా. తప్పు కనబడితే మాత్రం దిద్దడానికి తోసుకుంటూ వస్తారు. ఒక తప్పు ముడి పెట్టు."

"తెలిసి తెలిసి తప్పు రాయమంటావా?"

"గది కావాలా, వద్దా?"

గుమస్తా చాలాసేపు తాళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు. నిచ్చెన ముడి వద్దనుకున్నాడు, ఎవరైనా పడతారు. ఉయ్యాల ముడి అసలే వద్దు. చివరికి ఎవరి కాళ్ళూ చేతులూ విరగని ముడి ఎంచుకున్నాడు, బట్టలారేసే దండెం ముడి. కమ్మీకి రెండు చుట్లు చుట్టాక కొసను చుట్ల కింద నుంచి లాగాలి. పైనుంచి లాగమని రాశాడు. ముడి తెలిసినవాడెవడైనా ఒక్క చూపులో పట్టేస్తాడు. రాసేసి, వీధిలో ఎవరో చూసినట్టు గబుక్కున కిటికీ మూశాడు.

గురువారం ఎవరూ దిద్దలేదు. శుక్రవారం ఎవరో వచ్చి, చవగ్గా సోఫాలు అమ్ముతామని రాసి వెళ్ళారు.

"వీళ్ళు లెక్కకొస్తారా?" అని ఆశగా అడిగాడు గుమస్తా.

"సోఫావాళ్ళు చదవరు నాన్నా. అంటించి పోతారు."

శనివారం సోఫావాళ్ళు కూడా రాలేదు.

ఆదివారం వచ్చింది. పై వాటాలో బట్టలుతికే చప్పుడు వినబడుతోంది. బావమరిది స్కూటరు తుడిచి, గది ముందుకి తెచ్చి నిలబెట్టాడు. గుమస్తా మేకుల మీది తాళ్ళు ఒక్కొక్కటీ తీసి చుట్ట చుట్టసాగాడు. గోడ మీద తాళ్ళు వేలాడిన చోట తెల్లటి గీతలు బయటపడ్డాయి. భార్యకి చూడబుద్ధి కాలేదు.

"పోనీ, వంటింట్లో తలుపు వెనక రెండు మేకులు కొట్టుకోండి" అంది.

"గిన్నెల మధ్య తాళ్ళెందుకులే."

గుమస్తా నైలాను తాడు మడవబోతుంటే బావమరిది చెయ్యి అడ్డం పెట్టాడు. "దాన్ని అలా మడవకు బావా, మెలిక చెడుతుంది."

గుమస్తా ఒకసారి వాడి ముఖంలోకి చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు.

అంతలో పైనుంచి సర్రుమని ఏదో జారిన చప్పుడు. రెండు దుప్పట్లు, నాలుగు చొక్కాలు, ఒక లుంగీ తడితడిగా వచ్చి వాకిట్లో పడ్డాయి. ఒక దుప్పటి సరిగ్గా స్కూటరు మీద పడి దాన్ని అద్దాలతో సహా కప్పేసింది. వాటి వెనకే తాడు కూడా వచ్చింది.

మేడ పిట్టగోడ మీద నుంచి బావమరిది భార్య తొంగిచూసింది. "మీరు కట్టిన దండెం ఎలా ఉందో చూసుకున్నారా? నిన్నంతా పొడి తువ్వాలు వేసి భలే కట్టానన్నారు."

"తాడు నాసిరకం. తెగింది" అన్నాడు బావమరిది, స్కూటరు మీంచి దుప్పటి లాగుతూ.

గుమస్తా వంగి తాడు కొస చేతిలోకి తీసుకున్నాడు. తెగలేదు. రెండు చుట్ల వంపులు అలాగే ఉన్నాయి. కొస పైనుంచి పోయిన జాడ కూడా ఉంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశాడు. భుజం మీద నుంచి జారుతున్న తాళ్ళ చుట్టని పైకి ఎగదోసుకున్నాడు.

"తాడు మంచిదేరా" అన్నాడు మెల్లగా. "ముడే తప్పు. కొసను పైనుంచి లాగమని నీకెవరు చెప్పారు?"

బావమరిదికి ఒళ్ళు మండింది. చేతిలో దుప్పటి పిండుతూ అన్నాడు:

"ఇంకెవరు చెబుతారు బావా, నువ్వే. ఇన్నాళ్ళూ నువ్వు రాసిన ప్రతి ముడీ కట్టి చూశాను, ఒక్కటీ జారలేదు. మొన్న బుధవారం రాసిందే ఇలా ఏడిచింది."