ఆరు నిమ్మకాయల కేకు

"ఒక్క కేకుకి ఆరు నిమ్మకాయలా? రెండు చాలు బాబాయ్!"

"చాలవమ్మా. ఆరూ తురిమెయ్," అన్నాడు టైలరు, కేకు గిన్నెను టేపుతో కొలుస్తూ. బట్టైనా గిన్నైనా ముందు కొలిస్తే గానీ ఆయనకి తోచదు.

పక్క వాటాలోకి కిందటి నెలే దిగిన అమ్మాయి నవ్వుకుంటూ నిమ్మతొక్క తురిమింది. పైన పసుపుపచ్చది మాత్రమే. కిందున్న తెల్లది తగిలితే కేకు చేదెక్కుతుంది. వెన్న, పంచదార బాగా గిలక్కొట్టి, గుడ్లు, మైదా కలిపి, తురుమంతా వేసి ఓవెన్‌లో పెట్టారు.

"పిన్ని ఇవాళైనా లేస్తుందంటారా?" గొంతు తగ్గించి అడిగింది.

టైలరు భార్య ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్లో హెడ్ కుక్. మూడొందల మందికి వండి వార్చే మనిషి. అలాంటిది ఏడు నెలలుగా పనికి సెలవు పెట్టి, వంటింటి మొహం చూడకుండా పడగ్గదిలోనే ఉంటోంది. ఎందుకో అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. తనే ఊహించుకుంది. మొగుడూ పెళ్లాల అలక ఇంత ముదిరిందంటే తప్పు కచ్చితంగా బాబాయ్‌దే.

"ఆవిడ తనంతట తాను వంటింట్లోకొస్తే చాలమ్మా. ఈ జన్మకి నాకింకేమీ అక్కర్లేదు."

"వస్తుంది లెండి. ఇంత బతిమాలించుకున్నాక ఎవరైనా కరుగుతారు. ముందు ఆ పడగ్గది తలుపు మూసేద్దాం. తెలిసిపోతే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటుంది?"

"మూయొద్దు!" టైలరు దాదాపు అరిచాడు. పైగా టేబుల్ ఫ్యాను తెచ్చి, గాలి ఓరగా తెరిచిన పడగ్గదిలోకి కొట్టేలా తిప్పిపెట్టాడు. బాబాయ్‌కి సర్‌ప్రైజంటే ఏమిటో కూడా తెలీదనుకుంది అమ్మాయి.

అరగంటకి ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది. కింది వాటా ఆయన మెట్లెక్కొచ్చి, "ఏం చేస్తున్నారండీ?" అని లొట్టలేసి వెళ్లాడు. పడగ్గదిలో మాత్రం మంచమైనా కిర్రుమనలేదు. టైలరు మొహం వాడిపోయింది. అది చూసి అమ్మాయికి మొదటిసారి పిన్ని మీద కోపమొచ్చింది. ఆడదానికైనా ఇంత పంతమేమిటి!

ప్లేట్ల కోసం తన వాటాలోకి వెళ్లి వచ్చేసరికి ఓవెన్ మీట చివరిదాకా తిరిగి ఉంది. లోపల కేకు నల్లబడిపోతోంది.

"అయ్యో! ఎవరు తిప్పారిది?"

"నేనే."

"బొగ్గయిపోయింది బాబాయ్! ఇంక దీంతో పిన్నిని ఏం ప్రసన్నం చేసుకుంటారు?"

టైలరు పడగ్గది వైపే చూస్తున్నాడు.

ధడాలున తలుపు తెరుచుకుంది. జుట్టు ముడేసుకుంటూ పిన్ని పరుగున వచ్చింది.

"వెన్న మాడుతోంది! అందులో నిమ్మతొక్క కూడా! నా ఓవెన్‌ని ఏం చేశారండీ మీ..." అంటూనే గుమ్మంలో ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టైలరు ఎగిరి గంతేశాడు. "గెలిచామే!" అంటూ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పేశాడు. ఇద్దరూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. ఓవెన్ కట్టేయాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు. అమ్మాయే కట్టేసింది.

"కేకు తగలేసి, తిట్లు తిని, ఈ సంబరమేమిటి బాబాయ్?"

"జ్వరమొచ్చి తగ్గాక మీ పిన్నికి ఏ వాసనా తెలియలేదమ్మా, ఇప్పటిదాకా!"