వెనక వరసలో కుర్రాడు

"నేనేదైనా నొక్కీసేనేటే అమ్మీ? శేషు సినిమా కనపడ్డం లేదు." జగదాంబ ఫోను కూతురికి అందించింది.

గౌతమి సినిమాల యాప్‌లో వెతికింది. "నువ్వేటీ సెయ్యలేదమ్మా. గడువైపోయిందని ఆళ్లే తీసీసేరు."

"మళ్లీ పెడతారా?"

"సెప్పలేం."

రాయగడ స్టేషన్లో ఆ సినిమా తీసినప్పుడు గుంపులో నిలబడ్డానికి జగదాంబ కొడుకు శేషు వెళ్లాడు. ఆ వానాకాలమే గుణుపురంలో వంశధార అతన్ని మింగేసింది. అప్పటినుంచి, కదిలే రైలు వెంట పరుగెత్తే ఆ ఎర్రచొక్కా వీపును చూశాకే జగదాంబకు ముద్ద దిగేది.

తల్లి అన్నం కంచం పక్కకి తోసేస్తుంటే గౌతమి ఇక దాచలేకపోయింది. "అమ్మా, ఆడు మన శేషు కాడే. ఆ రోజు జనం ఎక్కువైపోయేరని అన్నని ఎనక్కి పంపీసేరు. నువ్వు తిండి మానీసేవని ఎవడినో సూపించీసేను."

"తెలుసే. కన్నదాన్ని, నాకు తెలీదేటి? ఆడి పరుగు అది కాదు."

"మరి రోజూ ఎందుకు సూసీదానివి?"

"ఎవరి బిడ్డో, జారిపడకుండా రైలెక్కేడా లేదా అని." జగదాంబ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇప్పుడా కుర్రాడు ఎలా ఉన్నాడో ఎవర్నడగాలే?"