మూడుకీ నాలుక్కీ మధ్య

"పర్మినెంటు మనిషెందుకక్కా? ఎప్పుడో ఓసారి ఆగే లిఫ్టు కోసం ఏడాది పొడుగునా ఒకణ్ణి కూర్చోబెట్టి మేపుతామా?" అన్నాడు తమ్ముడు.

సరిగ్గా అప్పుడే లిఫ్టు ఆగింది. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య.

"నీ నాలిక మీద పుట్టుమచ్చ ఉందిరా," అంది అక్క.

అక్క డాక్టరు, తమ్ముడు మేనేజరు. ఆ ఏడంతస్తుల ఆసుపత్రి ఇద్దరిదీ. ఇంట్లో ఎంత ప్రేమో ఇక్కడ అంత పోట్లాట.

తమ్ముడు అలారం నొక్కాడు. కాంట్రాక్టు కంపెనీకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"మీ వైపు చూసే మెకానిక్ ఇవాళ సెలవండీ. ఊరి ఆ చివర్నుంచి ఇంకొకతన్ని పంపిస్తాం. ఓ రెండు గంటలు ఓపిక పట్టండి."

"విన్నావా?" అంది అక్క. "మొన్న నిండు చూలాలిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మెట్ల మీద మోశారు. అప్పుడూ ఇదే పాట. దాహమేసినప్పుడు బావి తవ్వుకునే బతుకైపోయింది మనది."

"ఇవాళొక్కరోజు సెలవు పెట్టాడు పాపం. మన మనిషైతే పెట్టడా?"

"పెడతాడు. ముందురోజు నాకు చెప్పి పెడతాడు. అయినా ఇంటర్వ్యూకి రమ్మంటే ఆయనెవరో తొమ్మిదింటికే వచ్చి కింద కూర్చున్నాడట. గుమాస్తా ఏరి ఏరి పిలిచిన ఒకే ఒక్క మనిషి. మొహమైనా చూడకుండా పంపేద్దామంటావేంటి?"

"చూస్తే నీకు జాలేస్తుంది. జాలేస్తే చేర్చేసుకుంటావు. అందుకే వద్దంటున్నా!"

అక్కకి చెమట పడుతోంది. కోపం కూడా వస్తోంది.

పావుగంటయిందో లేదో, పైన ఏదో కిర్రుమంది. లిఫ్టు జానెడు జానెడు చొప్పున పైకి జరిగి నాలుగో అంతస్తులో ఆగింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఎదురుగా, నెలనెలా వచ్చి గ్రీజు పూసి వెళ్ళే కాంట్రాక్టు మెకానిక్! ఇస్త్రీ చొక్కా, మోచేతుల దాకా మసి. మెట్ల మీద పరిగెత్తాడేమో, ఆయాసపడుతున్నాడు.

"భయపడ్డారా మేడమ్? బ్రేకు పట్టేసింది. పైన మోటారు చక్రాన్ని చేత్తో తిప్పి పైకి తెచ్చాను. మధ్యాహ్నానికల్లా బాగుచేసేస్తాను."

తమ్ముడి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మసి అంటుతుందని కూడా చూసుకోకుండా మెకానిక్ భుజమ్మీద చెయ్యేశాడు.

"చూశావా అక్కా! రెండు గంటలన్నారు, పావుగంటలో పంపారు. కాంట్రాక్టంటే అదీ! ఎన్నేళ్ళయినా మాకు ఈ మనిషే కావాలని వాళ్ళ కంపెనీతో రాయించుకుంటాను. ఇతన్ని మాత్రం వదులుకునేది లేదు. ఆ కింద కూర్చున్నాయన్ని ఇక వెళ్ళిపొమ్మందాం."

అక్కకి ప్రాణం ఉసూరుమంది.

మెకానిక్ జేబురుమాలు తీసి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"సార్, నన్ను కంపెనీ పంపలేదండీ. ఇవాళ సెలవు పెట్టింది నేనే. తొమ్మిదింటి నుంచి కింద కూర్చున్నదీ నేనే. వెళ్ళమంటారా, ఉండమంటారా?"