జానెడు ఎత్తు

“నిజం చెప్పురా నాగలింగం, మావాడు పైకి లేచినాడా?” రోడ్డు వంతెన తలకు తగిలి చనిపోయిన మేనల్లుడి పక్కన నిలబడి, రైల్వే గ్యాంగ్‌మన్ దామోదరం వాడితో కలిసి రైలెక్కిన స్నేహితుణ్ణి అడిగాడు.

“లేదు మామా. ఆడికృత్తిక పండక్కి ఏటా తిరుత్తణి గుడికి పోయేట్టే, రైలు కప్పు పైన కావడి ఒళ్లో పెట్టుకోని కూసోనే ఉన్నాడు.”

“కూసుంటే వంతెన తగలదని నేర్పించింది నువ్వే కదన్నా,” అంది కొడుకు కాళ్లు పట్టుకుని కూర్చున్న చెంగమ్మ. “ఈ ఏడు వంతెన కిందికి దిగిందా?”

దామోదరం వంతెన వైపు చూడలేదు. వేసవిలో తన ముఠా పోసిన కొత్త కంకర మీద, పట్టాలు మునుపటికంటే జానెడు ఎత్తున మెరుస్తున్నాయి.

“వాడు సరిగ్గానే కూసున్నాడు చెంగమ్మా. పట్టాలను ఎత్తింది మేమే.”