సరిచేసిన దరువు

మొదటి దెబ్బకే జీవరత్నం చేతిలోని డ్రమ్ము పుల్ల జారి కింద పడింది.

అద్దం ఇవతల కూర్చున్న సుజిత్‌కు నవ్వాగలేదు.

"ఫికర్ లేదు అంకుల్, మళ్ల కొడదాం," అన్నాడు మైకులో.

అబిడ్స్ సందులో చెప్పుల దుకాణం మీది రికార్డింగ్ స్టూడియో అది. క్రిస్మస్ క్యాసెట్ పని. డ్రమ్స్ మొత్తం కంప్యూటర్‌లోనే చేసేద్దామని సుజిత్ ఎంత చెప్పినా పాస్టరుగారు వినలేదు. ఒక్క పాటకైనా మా సంఘపు జీవరత్నమే వాయించాలని పట్టుబట్టి పంపించారు.

మనిషికి ఒంట్లో బాగోలేదని చూడగానే తెలుస్తోంది. చొక్కా వదులై వేలాడుతోంది. నాంపల్లి స్టేషన్ వెనకనుంచి నడిచొచ్చాడట, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

అయినా కంప్యూటర్‌కు తగిలించిన రబ్బరు ప్యాడ్ల మీద పాటంతా వాయించాడు. ఒక దెబ్బ ముందు, రెండు దెబ్బలు వెనక. ఒకటి గట్టిగా, ఇంకోటి వీపు నిమిరినట్టు.

'దేవుడా, ఇదేం తాళం!' అనుకున్నాడు సుజిత్.

జీవరత్నం ఇవతలికొచ్చి తెర మీద వరసగా కనిపిస్తున్న చిన్న చిన్న గళ్లను వింతగా చూశాడు.

"గివన్ని నేను కొట్టినయేనా తమ్మీ?"

"ఔ అంకుల్. చప్పుడు కంప్యూటర్‌ది. ఎప్పుడు కొట్టిన్రు, ఎంత గట్టిగ కొట్టిన్రు, గదే మీది."

"ఎన్నేండ్లైనా ఉంటదా?"

"ఎందుకుండదు? పదిలంగ ఉంటది."

"అయితే కొట్టింది కొట్టినట్టే ఉంచు తమ్మీ. తప్పులుంటే ఉండనీ. జర నువ్వు ముట్టకు."

"ముట్టను అంకుల్, నిమ్మళంగ పోన్రి."

మాటదేముంది, ఇచ్చేశాడు. పెద్దాయన మెట్లు దిగాడో లేదో మౌస్ అందుకున్నాడు.

తాళం సరిచేయడంలో అబిడ్స్ మొత్తం మీద తన తర్వాతే ఎవరైనా అని సుజిత్‌కు కొంచెం పొగరు. వంకర తాళం బయటికిపోతే చెడేది ఎవరి పేరు మరి! దెబ్బలన్నిటినీ ఒక్కసారిగా పట్టి మీట నొక్కాడు. ముందున్నవి వెనక్కి, వెనకున్నవి ముందుకి జరిగి గీతల మీద బుద్ధిగా కూర్చున్నాయి. గట్టివీ మెత్తనివీ అన్నీ ఒకే కొలతకు తెచ్చాడు. అదే ఫైలు మీద సేవ్ చేసి టీ తాగడానికి పోయాడు.

క్యాసెట్ వచ్చింది. క్రిస్మస్ అయిపోయింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఒకావిడ, వెంట ఒక చిన్నపిల్ల, స్టూడియో గుమ్మంలో నిలబడ్డారు.

"వందనాలు బాబూ. జీవరత్నం ఇంటామెను, డోర్కాస్. గిది మా బిడ్డ జెర్లిన్."

"వందనాలు ఆంటీ. అంకుల్ ఎట్లున్నడు?"

"ప్రభువు దగ్గరికి పోయిండు. ఈస్టర్‌కు ముంగట."

సుజిత్ కుర్చీ ముందుకు జరిపాడు. "కూసో చెల్లే," అన్నాడు పిల్లతో. ఆ పిల్ల పలక్కుండా అతని మొహంకేసి చూస్తూ నిలబడింది. సిగ్గు కాబోలనుకున్నాడు.

"దవాఖానల ఉన్నన్ని దినాలు గదొక్కటే మాట బాబూ. నా చెయ్యి ఆ కంప్యూటర్ల ఉన్నది, బిడ్డ నాకోసం ఏడిస్తే తోల్కపో అని. పొద్దుగాల్నుంచి ఒకటే ఏడ్పు. క్యాసెట్ పెడితే కాదంటది. పాటలు, బాజాలు అన్ని కలిసినయ్ గద, గందుకే అనుకున్న. ఉత్త డ్రమ్ములే పెట్టు జర."

దెబ్బలవే కదా, కాస్త సర్దానంతే కదా అని తనకు తానే చెప్పుకుంటూ సుజిత్ ఫైలు తెరిచాడు. మిగతావన్నీ ఆపేసి డ్రమ్స్ ఒక్కటే వదిలాడు.

జెర్లిన్ వెళ్లి స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. ప్రార్థన చేస్తోందనుకున్నాడు సుజిత్. చేతులుంచి ప్రార్థించడం సంఘంలో చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే.

కాసేపటికి ఆ పిల్ల చెయ్యి తీసేసి, తల్లివైపు తిరిగి తల అడ్డంగా ఊపింది.

"కాదంటుంది బాబూ. వేరేది పెట్టినవేమో!"

"గిదే ఆంటీ. ఆగున్రి."

ఫైళ్లన్నీ గాలించాడు. పాతది ఎక్కడుంటుంది, దాని మీదే కదా సేవ్ చేసింది! చేసింది చెరిపే మీటకు నెలల కిందటి పని ఏం గుర్తుంటుంది! కొన్ని దెబ్బల్ని వెనక్కి లాగాడు. కొన్నింటిని మెత్తబరిచాడు. ఆయన ఎలా వాయించాడో గుర్తు చేసుకుందామంటే, ఆరోజు విన్నదెక్కడ? తప్పులు ఏరడమే సరిపోయింది.

మళ్లీ వదిలాడు. పిల్ల ఆశగా చెయ్యి ఆనించింది. ఈసారి వెంటనే తీసేసింది. కళ్లనిండా నీళ్లు.

"నేనే సరిచేసిన ఆంటీ," అన్నాడు సుజిత్, మౌస్ వదిలేసి. "ముట్టనని మాటిచ్చి ముట్టిన. ఇగ నాతోని కాదు, ఎవ్వరితోని కాదు."

డోర్కాస్ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"కానీ ఆంటీ, క్యాసెట్ కొన్నోళ్లు ఇంతమంది విన్నరు. పాస్టరుగారు విన్నరు. ఒక్కరన్న పసిగట్టలే. గింత పిల్లకెట్ల తెలిసింది?"

డోర్కాస్ కూతుర్ని దగ్గరికి లాక్కుని కొంగుతో కళ్లు తుడిచింది.

"దానికి పుట్టుచెవుడు బాబూ. వాళ్ల నాయన వాయిస్తుంటే డ్రమ్ము మీద చెయ్యి పెట్టుకొని కూసునేది. పుట్టిన కాడికెంచి ఈ లోకంల అది ఇన్నది గాయన ఒక్కణ్ణే."