ఐదు పాయింట్ నాలుగు

"ఐదు పాయింట్ నాలుగు!"

సాహితి ఫోను పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి పరుగెత్తుకొచ్చింది. "మావయ్య గారి షుగరు రిపోర్టు వచ్చింది అత్తయ్యా! మూడు నెలల సగటు పూర్తిగా నార్మల్! కిందటిసారి పదిన్నర!"

శారద దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది. కార్తీక్ భార్యను చూసి కన్ను గీటాడు.

"కొర్రన్నం డాక్టరమ్మా, ఇక బోర్డు పెట్టించమంటావా?"

"పెట్టించండి. మొదటి పేషెంటు మీరే."

సాహితికి గాల్లో తేలుతున్నట్టుంది. కోడలిగా వచ్చిన మూడు నెలల్లో ఇది తన తొలి ఘనకార్యం. కొర్రన్నం వండింది. ఏ పూట మాత్రలు ఆ పూటకు సర్దింది. సీజను హడావిడిలో ల్యాబుకు వెళ్ళే తీరిక లేదని మావయ్య అంటే, ల్యాబతన్నే మామిడి షెడ్డుకు పంపి పరీక్ష చేయించింది.

అంతలో ప్రభాకరరావు షెడ్డు నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సాహితి ఆయన చేతిలో ఒక చిన్నరసం మామిడిపండు పెట్టింది.

"ఒక్కటే మావయ్య గారూ! రిపోర్టు అంత బాగుంది మరి."

"చూశావా శారదా, నువ్వూ నీ భయాలూ!" అంటూ ఆయన ముచిక కొరికాడు.

అప్పుడు చూసింది సాహితి. గుమ్మం నుంచి కుర్చీ దాకా నేల మీద ఎర్రటి మరకలు.

"మావయ్య గారూ, కాలు!"

"ఏ కాలు?"

కుడి మడమలో మేకు. చెక్కపెట్టెలకు కొట్టేది. తలదాకా దిగిపోయి ఉంది.

"నొప్పి లేదా నాన్నా?" కార్తీక్ వంగి చూశాడు.

"తెలీలేదురా."

సాహితి ఆయన బొటనవేలిని గోటితో గట్టిగా నొక్కింది. "ఇక్కడ తెలుస్తోందా?"

"నొక్కమ్మా, చెప్తాను."

ఆమె నొక్కిన గోరు ఇంకా తీయనేలేదు.

కార్తీక్ వెంటనే డాక్టరుకు ఫోను చేసి, కాలి సంగతీ రిపోర్టు సంగతీ చెప్పి స్పీకరు పెట్టాడు.

"మేకు మీరు లాగకండి, ఇప్పుడే తీసుకురండి," అన్నాడు డాక్టరు. "పోయిన ఏడాది చూసినప్పుడు పాదాల్లో స్పర్శ బాగానే ఉంది. షుగరు ఇంత అదుపులో ఉండగా ఇలా మొద్దుబారిందంటే, కారణం వేరే ఉండొచ్చు. వెన్నుపూసలోనో, తలలోనో. రేపు విజయవాడలో స్కానింగ్ చేయించండి."

"తలలోనా?" శారద నేల మీద కూలబడింది. "మా పెద్దన్నయ్యకీ ఇలాగే మొదలైంది. ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు, మళ్ళీ ఇంటికి రాలేదు."

"ఊరుకోమ్మా!" కార్తీక్ అరిచాడు, కారు తాళాల కోసం వెతుకుతూ.

సాహితి మావయ్య పాదం చుట్టూ తువ్వాలు చుట్టింది. ముడి పడటం లేదు.

"అంతా నేనే చూసుకుంటున్నాననుకున్నాను మావయ్య గారూ. లోపల ఏం పెరుగుతోందో తెలీదు. అంకె చూసి మురిసిపోయాను." వెక్కిళ్ళు వచ్చేశాయి. "మీకేమైనా అయితే అత్తయ్య మొహం ఎలా చూడను?"

ప్రభాకరరావు సగం తిన్న పండు పక్కన పెట్టాడు.

"స్కానింగ్ వద్దు," అన్నాడు మెల్లగా.

"వద్దంటే ఎలాగండీ? డాక్టరు గారు చెప్పారు కదా!" అంది శారద.

ఆయన తల దించుకున్నాడు.

"రేపు ల్యాబతనికి నా రక్తమే ఇస్తానమ్మా."