అడుగునుంచి వచ్చిన తడి

“ఉబ్బిన చెక్కపలకలన్నీ పీకెయ్ మేస్త్రీ. ఈమె గదికి లామినేట్ దండగ. ఉత్త సిమెంటు నేల చాలు.”

మంచం మీద కూర్చున్న అత్త లాలి వినేలాగే అంది సరళ. భద్రాచలంలో ఈ ఇల్లు కట్టుకుని ఏడాది కాలేదు. అప్పుడే అత్త గదినిండా చెమ్మ వాసన.

“నేను తడపలేదని ఎన్నిసార్లు చెప్పాలె, సరళా?”

“నువ్వు కాకపోతే నేనా? పక్క తడుపుతవ్, మళ్ల అబద్ధాలాడ్తవ్!”

ఆరోగ్యం అనే ఆ మేస్త్రీ మంచం దగ్గర ఒక పలక లేపాడు. తర్వాత దూరంగా గుమ్మం దగ్గర ఇంకొకటి లేపాడు. రెండూ పైన పొడిగానే ఉన్నాయి. అడుగున మాత్రం నీటిబొట్లు.

“ఇది పైనుంచి పడ్డ తడి కాదమ్మా. గోదారి పక్క నేల గదా, కాంక్రీటు తేమ గుంజుతది. పలకలేసే ముందు ప్లాస్టిక్ షీటు పరవాలె. ఎవరో పరవలే.”

షీటు అక్కర్లేదు, జల్దీ కానియ్యమని అప్పటి పనివాళ్లను తొందరపెట్టింది సరళే.

లాలి కోడలిని కాదు, మేస్త్రీని అడిగింది.

“అయితే బిడ్డా, పొద్దుగూకినంక నీళ్లు తాగొచ్చా? కోడలు బంద్ పెట్టి మూడు నెలలాయె.”

ఆరోగ్యం తల దించుకున్నాడు. సరళ వంటింట్లోకి వెళ్లి చెంబు నిండా నీళ్లు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

లాలి చెంబు ముట్టుకోలేదు. కోడలు తాగమని ఎప్పుడంటుందా అని ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది.